మడమ నొప్పి పట్టికలో మరిచిన గడి

కిందటి వారం మా ఆఫీసు వరండాలో కొత్తగా చేరిన ఇద్దరు ఓవర్సీర్లు నా గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. "ఈయన రోజంతా లైను మీద నడిచి, సాయంత్రం మెట్లు రెండేసి ఎక్కుతాడు. ఏం కాళ్ళో!" అన్నాడొకడు. "పుట్టుకతో వచ్చినయ్‌లే" అన్నాడు రెండోవాడు. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నా కుడి మడమ నన్ను ఇంటికి పంపించినంత పని చేసింది. పాలిటెక్నిక్‌లో లెవెల్ యంత్రం గురించి మనకి ఒక టర్మంతా చెప్తారు. ఆ యంత్రం వెనక నడవాల్సిన కాళ్ళ గురించి ఒక్క పీరియడ్ కూడా ఉండదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిప్లొమా పుచ్చుకుని ఆరు నెలలు. ఉద్యోగం టెంపరరీ. కృష్ణపట్నానికి ఉత్తరంగా, సముద్రానికీ బకింగ్‌హాం కాలువకీ మధ్య ఉన్న ఒక పాళెంలో మా క్యాంపు. అంతకు ముందు ఏడాది గాలివానలో సముద్రపు నీళ్ళు కాలువ దాటి వరిచేలల్లోకి వెళ్ళాయి. మళ్ళీ అట్లా కాకుండా ఒక కరకట్ట వెయ్యాలన్నారు. కట్ట ఎక్కడ ఎంత ఎత్తుండాలో తేల్చడానికి ముందు నేల ఎత్తుపల్లాలు తెలియాలి. కృష్ణపట్నం దగ్గరున్న గుర్తురాయి నుంచి కాలువ లాకు దగ్గరున్న గుర్తురాయి దాకా ఎనిమిది మైళ్ళు లెవెల్స్ తీయడం నా పని. రెండు రాళ్ళ ఎత్తూ ముందే తెలుసు. కాబట్టి ఒక రాయి దగ్గర మొదలుపెట్టి రెండో రాయి దాకా వెళ్తే, మన లెక్క ఆ రాయి ఎత్తుతో కలవాలి. కలవకపోతే దారిలో ఎక్కడో తప్పు చేశామని అర్థం. ఇప్పుడు మీకు మీటర్లు వచ్చాయి, అప్పుడు మాకు అడుగులే.

నాతో ఉన్నది ఒక ఖలాసీ. యాభై ఏళ్ళ మనిషి. నేను యంత్రంలోంచి అంకె చదివేలా పద్నాలుగు అడుగుల కొలకర్ర నిలువుగా పట్టుకోవడం, యంత్రం మోయడం ఆయన పని. అదే పాళెంలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పాతికేళ్ళు వలలు లాగి, తరవాత మా డిపార్ట్‌మెంటులో చేరాడు. చదవడం, రాయడం రాదు. కానీ నడిచినంత దూరం అడుగులు లెక్కపెట్టుకోవడం ఆయనకి ఊపిరి పీల్చుకోవడంతో సమానం. పక్కనున్నవాళ్ళతో మాట్లాడుతూనే లెక్కపెట్టేవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవాడు. బాగా విసుగొస్తే మాత్రం అబ్బయా అనేవాడు.

మూడో వారంలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టు ఉండేది. పది పదిహేను అడుగులు వేశాక కొంచెం తగ్గేది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ ఆ మేకే. రాత్రంతా విశ్రాంతి ఇచ్చిన కాలు పొద్దున్నే ఎక్కువ నొప్పెట్టడం నా చదువుకి అందలేదు.

అందని దానికి పట్టిక గీయడం నా జబ్బు. ఫీల్డు పుస్తకం వెనక పేజీల్లో ఐదు గడులు గీశాను: తేదీ, నడిచిన మైళ్ళు, పొద్దుటి నొప్పి పదికి ఎంత, సాయంత్రం నొప్పి పదికి ఎంత, చేసిన వైద్యం. వైద్యాలకి కొదవ లేదు. ఉప్పు మూటతో కాపడం పెట్టుకున్నాను. వాయిలాకు కాచిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాను. ఆముదం రాసుకున్నాను. బూట్ల అట్టలు గట్టిగా ఉండబట్టే నొప్పి అని తేల్చుకుని, బూట్లు విప్పి మెత్తటి ఇసుకలో ఉత్త కాళ్ళతో నాలుగు రోజులు నడిచాను. ఇంజనీరింగు తర్కం ప్రకారం అది భేషైన ఉపాయం. నాలుగో రోజు సాయంత్రం గడిలో తొమ్మిది వేసుకున్నాను. ఎండిన ఇసుకలో ప్రతి అడుగుకీ మడమ లోపలికి దిగిపోతుందనీ, దాన్ని పైకి లాగడానికి అరికాలంతా సాగిపోతుందనీ నా తర్కానికి తట్టలేదు.

పాళెంలో ఒక పెద్ద పడవ ఉండేది. ఆ పడవ యజమాని భార్య చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఎదురొచ్చేది. నా నడక చూసి ఒకనాడు గంప దించకుండానే ఆగింది.

"ఏంది సారూ, అట్టా నడస్తుండావు? పెళ్ళిచూపులకి కొత్త చెప్పులేసుకోని పోయినావా?"

"మడమ నొప్పి అక్కా."

"పెళ్ళి కాకముందే మడమ నొప్పా! ఇంక పిల్లనెవురిస్తారు?" అని నవ్వుతూ పోయింది. ఆ మాట మూడు రోజుల్లో పాళెమంతా తిరిగింది.

నెల్లూరు వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాను. మంచి డాక్టరే. మడమ నొక్కి చూసి, మాత్రలిచ్చి, ఆరు వారాలు నడక మానమన్నాడు. ఆరు వారాలు నడక మానితే నా టెంపరరీ ఉద్యోగం ఆ ఆరు వారాలు నిండకముందే నన్ను మానేస్తుంది. మందులు తీసుకుని తిరిగొచ్చాను.

ఇక నా తప్పు చెప్పాలి. యంత్రం నుంచి వెనక కొలకర్ర ఎంత దూరమో ముందు కొలకర్రా అంతే దూరంలో ఉండాలి. అట్లా ఉంటే యంత్రంలో చిన్న లోపమున్నా రెండు వైపులా ఒకేలా పడి కొట్టుకుపోతుంది. ఇది మీకూ మొదటి పాఠమే. నేను కుంటుతూ, యంత్రం నిలబెట్టే చోట్లు తగ్గితే నా అడుగులు తగ్గుతాయని, వెనక దగ్గరగా, ముందు బాగా దూరంగా చూడడం మొదలుపెట్టాను. రోజూ చెయ్యాల్సిన యంత్రం పరీక్ష కూడా మానేశాను. ఖలాసీకి యంత్రం సంగతి తెలియదు, కానీ అడుగులు తెలుసు.

"సార్, వెనకమాల అరవై అడుగులేస్తిని. ముందర నూట నలభై అయినాయి. ఎప్పుడూ ఇట్టా చెయ్యలా మనం" అన్నాడు.

"పర్లేదులే అన్నా. నంబర్లు సరిగానే కనిపిస్తున్నాయి."

 ఆ తరవాత ఆయన ప్రతి మజిలీకీ రెండు అంకెలూ గట్టిగా, గాలికి చెప్తున్నట్టు చెప్పేవాడు. "డెబ్బై. నూటిరవై." "యాభై. నూట యాభై." నేను వినపడనట్టు పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

లాకు దగ్గర రాయికి చేరి లెక్క కడితే మూడున్నర అంగుళాలు తేడా వచ్చింది. ఎనిమిది మైళ్ళకి ఒక అంగుళం వస్తేనే మేం తలెత్తుకోలేం. మళ్ళీ కట్టాను. కూడికల్లో తప్పు లేదు.

ఆ రోజే పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండో రోజున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు స్వయంగా వచ్చి లైనంతా నడిచి చూస్తారట. నా కాలి సంగతి కూడా ఆయన దాకా వెళ్ళినట్టుంది. మనిషి నడవలేకపోతే ముందే చెప్పమనీ, ఇంకొకరిని వేస్తామనీ కింద ఒక వాక్యం రాశారు. ఇంకొకరిని వేస్తే నేను ఇంటికే.

క్యాంపులో నాకన్నా పదేళ్ళు సీనియర్ ఓవర్సీరు ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "మూడున్నర అంగుళాలే కదా తమ్ముడూ. ఎనిమిది మైళ్ళ మీద తలా కాస్త పంచెయ్. పెన్సిలు ఎందుకిచ్చినారు గవర్నమెంటు వాళ్ళు?" అన్నాడు. పంచడానికి కూర్చున్నాను కూడా. ఖలాసీ వాకిట్లో కొలకర్ర తుడుచుకుంటూ ఆ మాటలు విన్నాడు.

"అయితే కట్ట మూడున్నర అంగుళాలు తగ్గుతదా సార్?"

"తగ్గినా తగ్గొచ్చు, పెరిగినా పెరగొచ్చు అన్నా. ఎక్కడ తప్పో తెలియదు కదా."

"మొన్నటి గాలివానలో మా ఇంట్లో నీళ్ళు పొయ్యిగడ్డ అంచు దాకా వచ్చి ఆగినాయి. ఇంకో మూడంగుళాలొస్తే బియ్యం కుండ తేలుండును" అన్నాడు. నన్ను నిష్ఠూరమాడినట్టు కూడా లేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి మళ్ళీ కొలకర్ర తుడుచుకున్నాడు. నేను పెన్సిలు కింద పెట్టాను. ఎనిమిది మైళ్ళూ మళ్ళీ తీయాలి. పదకొండు రోజులున్నాయి. కాలు లేదు.

ఈసారి ఏ నియమమూ తప్పకూడదనుకున్నాను. రోజూ పొద్దున్నే యంత్రం పరీక్ష చెయ్యాలి. దానికి గట్టి నేల మీద రెండు మేకులు, వాటి మధ్య అడ్డం లేని చోటు కావాలి. పాళెంలో అట్లాంటి చోటు పడవలు లాగే రేవు ఒక్కటే. మేకులు అక్కడే కొట్టించాను. పొద్దున వెళ్ళి చూస్తే రెండు మేకులకీ సరిగ్గా నడిమధ్యన పెద్ద పడవ కూర్చుని ఉంది. అది నీళ్ళలోకి వెళ్తే గానీ నాకు ఏమీ కనిపించదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సారూ! ఊరికే నిలబడి చూసేవోళ్ళు ఈడుండకూడదు. చెయ్యన్నా వెయ్, పక్కకన్నా పో" అంది ఆ చేపలక్క.

అది హాస్యమనుకున్నాను. కాదు. పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు రేవులో ఉన్నవాళ్ళెవరైనా సరే దాని మీద చెయ్యి వెయ్యాలి. వెయ్యకుండా చూస్తే వల ఖాళీగా వస్తుందని వాళ్ళ నమ్మకం. మునసబు గారు వచ్చినా వెయ్యాల్సిందేనట. వెనక్కి పోవడానికి నా మడమ ఒప్పుకోలేదు గనక నేనూ వెళ్ళి పడవ అంచుకి రెండు చేతులూ ఆనించాను. "ఐలసా" అన్నప్పుడల్లా పది మందితో పాటు నెట్టాను. ఒక కాలు ముందు, ఒక కాలు బాగా వెనక. బురద ఇసుకలో జారకుండా వెనక మడమ నేలకి తన్నిపెట్టాలి. పడవ వెళ్ళింది. నేను పరీక్ష చేసుకుని పనికి వెళ్ళాను.

ఆ రోజే కొత్త వైద్యం కూడా మొదలుపెట్టాను. ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడు ఆకులు పరిచి, మడమ ఆనించడం. వరసగా నాలుగు రోజులు పొద్దుటి నొప్పి ఇట్లా ఉంది: ఎనిమిది, ఏడు, ఆరు, నాలుగు. మూడున్నర మైళ్ళు పని అయింది. వైద్యం గడిలో 'జిల్లేడు' కింద రెండు గీతలు గీసి, పక్కన 'రుజువైనది' అని రాశాను. సీనియర్ ఓవర్సీరుకి చూపించి ఆయన మోకాలికి కూడా సిఫారసు చేశాను.

అయిదో రోజు సముద్రం పోటు మీదుంది. పడవలు దిగలేదు. జిల్లేడు మామూలుగానే పెట్టాను. సాయంత్రానికి నొప్పి ఏడుకి వచ్చింది. అర మైలు కన్నా ఎక్కువ పని సాగలేదు. ఆరో రోజూ పోటే. ముందు రాత్రే ఆకులు రెట్టింపు పెట్టాను. పొద్దున మంచం దిగితే తొమ్మిది. గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ మంచం మీద కూలబడ్డాను. నాలుగు మైళ్ళు మిగిలింది. ఖలాసీ యంత్రం భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు.

"ఈ రోజు లేదన్నా" అన్నాను. "పెద్దాఫీసుకి రాసేస్తా, ఇంకొకరిని పంపమని."

ఆయన యంత్రం దించి గడప మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఉన్న నా పుస్తకం వైపు చూశాడు.

"రోజూ ఆడేందో రాస్తుంటివే, చదువు ఒకసారి."

చదివాను. మైళ్ళు, పొద్దుటి నొప్పి, సాయంత్రం నొప్పి, వైద్యం. ఒక్కో రోజుకీ తల ఊపుతూ విన్నాడు. ఆరో రోజు అయ్యాక ఇంకా ఉందేమో అన్నట్టు చూశాడు.

"పడవ యాడ రాసినావు?"

"పడవా?"

"నాలుగు రోజులు పడవ నెడితివి. రెండు రోజులు నెట్టకపోతివి. అది రాయలా?"

"అది వైద్యం కాదు కదన్నా!"

"నువ్వు వైద్యమని చేసినయ్యే రాసుకుంటివి అబ్బయా. కాలికి తెలస్తదా, ఏది వైద్యమో ఏది కాదో?"

నేను పుస్తకం వైపు చూశాను. చివరి ఆరు వరసలు. ఆరో గడి గీసి, 'పడవ' అని పైన రాసి, అవును, అవును, అవును, అవును, కాదు, కాదు అని నింపాను. నొప్పి అంకెలు ఆ మాటల పక్కనే కనిపిస్తున్నాయి. ఒకేసారి రెండు మార్పులు చేసి, నాకు నచ్చిన దానికి పేరు కట్టబెట్టాను. ప్రయోగశాలలో ఇట్లాంటిది చేసినందుకు మా లెక్చరరు గారు నా పక్కవాడి రికార్డు చింపిపారేశారు.

ఖలాసీకి ఇదంతా కొత్త కాదు. పాళెంలో కొత్తగా పెద్ద వల లాగడానికి చేరినవాళ్ళకి మొదటి నెల ఇదే నొప్పి వచ్చేదట. ఆయనకీ వచ్చిందట. నా పంచె మడిచి మోకాలి కింద పిక్క పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు. నేను కేక పెట్టాను.

"చూడు, రాయి మాదిరి ఉండాది. నొప్పి అడుగున ఉంటే నువ్వు అడుగునే కాపడం పెడితివి. పిక్క బిర్రుగుంటే అడుగున తాడు లాగదా?"

"ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు చదువుకున్నోళ్ళు. బుక్కులో రాసుకుంటుంటే ఏందో పెద్ద లెక్క అనుకుంటి."

ఆయన ఆ రోజు నేర్పించింది ఇక్కడ వరసగా రాస్తున్నాను. రాసుకోండి.

పొద్దున మెలకువ రాగానే కాలు నేలకి ఆనించకూడదు. మంచం మీదే కాలు చాచి, తువ్వాలు మడిచి వేళ్ళ కిందుగా వేసి, రెండు కొసలూ పట్టుకుని వేళ్ళని మన వైపు లాక్కోవాలి. ముప్ఫై లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. అట్లా నాలుగైదుసార్లు. రాత్రంతా ముడుచుకున్నది అప్పుడు సాగుతుంది. మొదటి అడుగు ఆ తరవాతే.

పడవ ఉంటే పడవ, లేకపోతే గోడ. రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకి వాలాలి. ఊగకూడదు. ముప్ఫై లెక్క.

కూర్చున్నప్పుడు అరికాలి కింద, వల తేలడానికి కట్టే గుండ్రటి బెండు వేసి ముందుకీ వెనక్కీ దొర్లించాలి. బూటులో మడమ కింద మెత్తటి గుడ్డ మడతలు కుట్టించి పెట్టుకోవాలి. ఎండు ఇసుకలో ఉత్త కాళ్ళతో నడవకూడదు. ఈ చివరిది చెప్పేటప్పుడు మాత్రం నవ్వాడు. "నువ్వు బూట్లు ఇడిసిన రోజే చెప్దామనుకుంటి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకొకసారి క్యాంపు గోడని నెట్టాను. సీనియర్ ఓవర్సీరు చూసి, "గోడ కదిలితే చెప్పు తమ్ముడూ, ఎస్టిమేటు వేద్దాం" అన్నాడు. ఏడో రోజు పొద్దున తువ్వాలుతో లాగి దిగితే ఆరు. పోటు తగ్గింది, పడవలు దిగాయి, నెట్టాను. ఎనిమిదో రోజు అయిదు. కుంటు పూర్తిగా పోలేదు. కానీ యంత్రం నిలబెట్టాల్సిన ప్రతి చోటా నిలబెట్టాను. ఖలాసీ "డెబ్బై, డెబ్బై" అని చెప్తుంటే ఆ మాట వినడానికి హాయిగా ఉండేది. నాలుగడుగులు తేడా వచ్చినా ఆగి, కొలకర్ర తనే ముందుకో వెనక్కో జరుపుకునేవాడు. నేను సరేనన్నా ఒప్పుకునేవాడు కాదు. యాభై ఏళ్ళ మనిషి, నేను నడిచినంతా నడిచి, నాకన్నా బరువు మోసి, మధ్యలో నేను ఇసుకలో కూర్చున్నప్పుడు నిలబడే ఉండి నా పిక్కల వైపు మేస్త్రీ గోడ వైపు చూసినట్టు చూసేవాడు.

ఆ తరవాత రెండేళ్ళకి మద్రాసులో ఒక ఎముకల డాక్టరు గారికి ఇదంతా చెప్పాను. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుందనీ, నొప్పి దానిదేననీ, పిక్క బిగిస్తే దాని మీద లాగుడు ఎక్కువవుతుందనీ బొమ్మ గీసి చూపించారు. నెల్లూరు డాక్టరు విశ్రాంతి ఇమ్మనడం తప్పు కాదన్నారు. నాకు అంత వీలు లేకపోయింది, అంతే. "మీకు ఇది చెప్పిందెవరు?" అని అడిగారు. మా ఖలాసీ అన్నాను. ఆయన పెన్ను ఆపి, ఆ పడవ నెట్టడం ఎట్లాగో మళ్ళీ చెప్పమన్నారు. నేను వాళ్ళ గోడని నెట్టి చూపించాను.

పదకొండో రోజు సాయంత్రం ఎండ తగ్గే వేళకి లాకు రాయికి చేరాం. ఖలాసీ కొలకర్ర రాయి మీద పెట్టాడు. చదివాను. రాశాను. లెక్క మాత్రం కట్టలేదు. ధైర్యం చాలలేదు. ఇంజనీరు గారి ముందే కడతానని పుస్తకం మూసేశాను.

పన్నెండో రోజు ఆయన వచ్చారు. సన్నటి మనిషి, వేగంగా నడుస్తారు. కృష్ణపట్నం రాయి దగ్గర మొదలుపెట్టి ఎనిమిది మైళ్ళూ నడిచారు. మూడు చోట్ల తనే యంత్రం పెట్టి నా అంకెలు సరిచూశారు. నేను ఆయన పక్కనే నడిచాను. ఆరో మైలు దగ్గర మడమ గుర్తు చేసింది. రెండు నిమిషాలు పుస్తకం వెతుకుతున్నట్టు నటించి, ఒక సరుగుడు మానుని నెట్టి మళ్ళీ బయల్దేరాను. ఆయన చూశారో లేదో తెలియదు.

లాకు దగ్గర ఆయన ఎదుటే లెక్క కట్టాను. తేడా అడుగులో వందో వంతులు రెండు. అంటే పావు అంగుళం.

"మొదటిసారి ఎంత వచ్చింది?" అని అడిగారు ఆయన.

రెండోసారి తీశానని నేను చెప్పలేదు. సీనియర్ వైపు చూశాను. ఆయన కాలువలో పడవల వైపు చూస్తున్నాడు. "మూడున్నర అంగుళాలు సార్" అని పాత పుస్తకం కూడా ఇచ్చి, నడక తగ్గించుకోవడానికి ఏం చేశానో చెప్పాను. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ వెనక పట్టిక దగ్గర ఆగారు.

"ఇదేం లైను?"

"నా మడమది సార్."

చివరి వరస దాకా వేలు పెట్టి చూసుకున్నారు. "ఇది కూడా మూడు దగ్గర ఆగింది. కలవలేదే" అన్నారు.

"ఇంకా తీస్తున్నాను సార్."

రెండు పుస్తకాల మీదా సంతకం పెట్టారు. పాతదాని మీద అడ్డంగా గీత కొట్టి, 'ఉంచవలెను' అని రాశారు. జీపు ఎక్కుతూ, వచ్చే నెల చిల్లకూరు వైపు కొత్త లైను మొదలవుతుందనీ, ఈ ఇద్దరినే పంపమనీ సీనియరుతో చెప్పారు. నా ఉద్యోగం నిలబడిందని ఆ 'ఇద్దరినే' అన్న మాటతో తెలిసింది.

జీపు వెళ్ళాక ఖలాసీ దగ్గరికి వచ్చాడు.

"ఎంతకి కలిసింది సార్?"

వేళ్ళ మధ్య పావు అంగుళం పట్టి చూపించాను. దగ్గరగా వంగి చూశాడు.

"ఇంతకా? ఇంతకోసరమా రెండుసార్లు నడిపించినావు?"

"అది కూడా ఉండకూడదన్నా నిజానికి."

"చాల్లే. నీళ్ళొచ్చినప్పుడు ఆ మాత్రానికి మా ఇంట్లో ఎవురూ అడగరు" అని కొలకర్ర భుజాన వేసుకుని పాళెం దారి పట్టాడు. నాలుగు మైళ్ళు. ఆయన అడుగులు లెక్కపెడుతుంటే, ఆయనతో పాటు నేనూ పైకే లెక్కపెడుతూ నడిచాను.